ఎనిమిది తెల్లపెట్టెలు, ఒక తిన్నని గీత

నా నోట్లోంచి ఇంతవరకు ఒక్క అబద్ధం బయటికి రాలేదు. రాబోయినవాటిని పళ్ళు అడ్డుకున్నాయి. ఇప్పుడు పళ్ళు లేవు గానీ అలవాటు పోలేదు. కాబట్టి గీతల బాబాయి తేనెటీగల కథ ఉన్నది ఉన్నట్టు, చిటికెడు ఉప్పు కూడా కలపకుండా చెబుతాను.

గీతల బాబాయి ముప్ఫై నాలుగేళ్ళు రోడ్ల మీద తెల్లగీతలు గీసిన మనిషి. వీధి వీధంతా ఆయన్ని బాబాయనీ, ఆయన భార్యను పిన్ని అనీ పిలిచేది. చివరికి ఆయన సొంత అన్న కూడా ఓ రోజు పొరపాటున "బాబాయ్, బాగున్నావా?" అన్నాడు. రోడ్డుకు ఆ చివర ఓ మేకు, ఈ చివర ఓ మేకు కొట్టి, నీలంపొడి పట్టించిన దారం లాగి, వేలితో ఒక్క మీటు మీటేవాడు. టప్పుమని నేల మీద నీలిగీత పడేది. దాని మీదుగా రంగుబండి తోసుకుంటూ పోయేవాడు. ఆయన గీత మీద తాగినవాడు నడిస్తే ఆ చివరికి చేరేసరికి మత్తు దిగిపోయేదట. నత్తలు కూడా దాటేముందు ఆగి అటూ ఇటూ చూసేవట.

ఆ తిన్నదనం ఇంట్లోకీ వచ్చింది. ఆరేసిన బట్టలు పొడుగు నుంచి పొట్టికి వరసగా ఉండాలి. చెప్పులు గుమ్మానికి సమంగా ఉండాలి. నిద్రలో గురక ఆపి, లేచి, దుప్పటి అంచు సరిచేసి, ఆపిన చోటి నుంచి మళ్ళీ గురక అందుకునేవాడు.

ఆ ఇంట్లో వంకరగా ఉండే హక్కు ఒక్క పెరటికే ఉండేది. ఎందుకంటే అది పిన్ని రాజ్యం. అక్కడ ఎనిమిది తేనెపెట్టెలు. ఒకటి పాత బీరువా సొరుగుతో చేసింది, ఒకటి పారేసిన తలుపు చెక్కతో. ఒకదానికి పచ్చరంగు, ఒకదానికి సగం పసుపు, డబ్బాలో రంగు అయిపోయింది గనక మిగతా సగం గోధుమ. ఒకటి గోడవైపు అలిగి కూర్చుంటే ఇంకొకటి నిమ్మచెట్టు కింద కునికేది. అన్నీ కలిసి రైలు దిగిన జనంలా తలోదిక్కూ చూస్తుండేవి. ఇరవై ఆరేళ్ళుగా పిన్ని వాటిని అలాగే పెంచింది. బాబాయి పెరటి గుమ్మం దాకా వెళ్ళి, ఆ దృశ్యం చూడలేక కళ్ళు మూసుకుని వెనక్కి వచ్చేవాడు.

ఇంతలో ఆయన రిటైరయ్యాడు. ఆఫీసువాళ్ళు ఒక గోడగడియారం, మూడు డబ్బాల తెల్లరంగు ఇచ్చి పంపారు. అదే వారం పిన్ని చెల్లెలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. సాయానికని పిన్ని రెండు వారాలు వెళ్ళింది. ఖాళీ చేతులు, తెల్లరంగు, వద్దనే మనిషి లేకపోవడం. ఈ మూడూ ఒక ఇంట్లో ఒకేసారి చేరకూడదు.

ఆమె తిరిగొచ్చేసరికి పెరట్లో ఎనిమిది పెట్టెలూ మంచుముద్దల్లా తెల్లగా ఉన్నాయి. గోడ పొడుగునా ఒకే వరస. ఒక్కోదానికీ మధ్య మూడడుగులు, వెంట్రుక కూడా తేడా లేదు. ఎనిమిది గుమ్మాలూ ఒకే దిక్కుకు. ఒక చివర నిలబడి ఒక కన్ను మూసి చూస్తే ఒకే ఒక్క పెట్టె కనబడేది.

"ఎలా ఉంది?" అన్నాడు బాబాయి, పెళ్ళికొడుకంత సిగ్గుపడుతూ.

పిన్ని సంచీ దించకుండానే ఆ చివర నుంచి ఈ చివరి దాకా చూసింది. "ఆస్పత్రిలా ఉందండీ."

ఆయన దాన్ని మెప్పు కింద జమ చేసుకుని "థాంక్స్" అన్నాడు. మొహం అంతలా వెలిగిపోతుంటే ఆమె "శుభ్రంగా ఉంది," అని లోపలికి వెళ్ళిపోయింది.

నెల తిరిగేసరికి తేడా మొదలైంది. వరస మధ్యలో ఉన్న నాలుగో పెట్టె, ఐదో పెట్టె పలచబడ్డాయి. బాగున్న పెట్టె మూత ఎత్తితే చట్రాల మీద ఈగలు చెక్క కనబడనంతగా కప్పుకుని ఉంటాయి. ఈ రెండింట్లో చెక్కే కనబడుతోంది. రాణి ఉంది, గుడ్లు ఉన్నాయి, చాకిరీ చేసేవాళ్ళే లేరు. గుమ్మం ముందు చచ్చిపడ్డ ఈగ ఒక్కటీ లేదు. పోయినవి ఎటు పోయాయో తెలియదు. చివర ఉన్న ఒకటో పెట్టె, ఎనిమిదో పెట్టె మాత్రం కిటకిటలాడుతున్నాయి. వాటి రాణులు గట్టివి కాబోలు అనుకుంది పిన్ని.

ఒక పొద్దున ఆమె ముసుగు తీసి కొక్కేనికి తగిలించి, తిరగేసిన బకెట్ మీద కూర్చుంది.

"మొక్కలతోట ఆయనతో మాట్లాడానండీ. ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం బండి తెస్తాడు. ఎనిమిదీ ఇచ్చేస్తాను."

"అదేంటే! నీ ప్రాణం కదే అవి!"

"ప్రాణం కాబట్టే. నా కళ్ళ ముందు ఒక్కొక్కటీ పోతుంటే చూడలేను. ఆయన చేతిలోనైనా బతుకుతాయి. ఆదివారం లోపల కారణం తెలిసిందా, ఉంచుకుంటాను. లేదా, పంపేస్తాను."

"కారణం ఏమై ఉంటుందంటావ్?"

పిన్ని వేళ్ళు మడిచింది. "పైరుకు కొట్టే మందు కావచ్చు. ఒంటికి పట్టే పురుగు కావచ్చు. పూలు తగ్గిపోయి ఆకలి కావచ్చు. రోగం కావచ్చు. లోకమంతా ఇవి తగ్గిపోతున్నాయట. ఇదీ అని ఒకటి చెప్పలేమట. తిలా పాపం తలా పిడికెడు."

"లోకం సంగతి లోకం చూసుకుంటుంది," అని బాబాయి లేచాడు. "మన పెరట్లో పడ్డ పిడికెడు ఎవడిదో నేను పట్టుకుంటాను."

ఆదివారానికి తొమ్మిది రోజులుంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని దొంగను పట్టడానికి బయలుదేరాడు.

మొదట పక్క దోసతోటకు వెళ్ళాడు. దాని యజమానిని బాబాయి బావా అంటాడు, ఆయనా బావా అంటాడు. చుట్టరికం ఏమిటో ఇద్దరికీ తెలియదు, తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని పెట్టుకున్నారు. దోసల బావ వీపున మందుడబ్బా తగిలించుకుని పాదుల మధ్య ఉన్నాడు. పొద్దున పదిగంటలు, పూలన్నీ విచ్చుకుని ఉన్నాయి.

"హంతకుడా!" అన్నాడు బాబాయి.

"రా బావా, టీ తాగుతావా?" అన్నాడు దోసల బావ.

"టీ సంగతి తరవాత. నడిపొద్దున పూల మీద మందు కొడతావా? మా ఆవిడ ఈగలు నీ పూల మీద అన్నం తింటుంటే విస్తట్లో విషం చల్లుతావా?"

"ఇన్నేళ్ళుగా కొడుతున్నా. ఇన్నేళ్ళూ బతికున్నవి నీ రిటైర్మెంటు చూసి చచ్చాయా?"

బాబాయికి జవాబు తోచనప్పుడు ఆయన గొంతు పెంచేవాడు. "సాయంత్రం కొట్టు! ఈగలు ఇంటికి చేరాక కొట్టు! నీ సొమ్మేం పోతుంది?"

దోసల బావ డబ్బా దించి, బుట్టలోంచి ఒక దోసకాయ తీసి చూపించాడు. అది కొడవలిలా వంగి ఉంది. "నువ్వు చెప్పకపోయినా అదే ఆలోచిస్తున్నాను. పూల మీద ఈగ సరిగ్గా వాలకపోతే కాయ ఇలా వంకరపోతుంది. ఈ నెల్లో సగం కాయలు ఇంతే."

బాబాయి ఆ కాయను చూసి దెబ్బ తగిలినవాడిలా మొహం తిప్పుకున్నాడు. "దాన్ని లోపల పెట్టు బావా. చూడలేను."

ఆ సాయంత్రం నుంచి మందు పొద్దుగూకాకే కొట్టేలా ఒప్పందం కుదిరింది.

రెండో నేరస్థురాలు పార్కులో గడ్డికోసే అమ్మాయి. ప్రతి సోమవారం మిషన్ మీద కూర్చుని పార్కంతా గుండు గీసేది. గడ్డిలో లేచే చిన్న చిన్న తెల్లపూలు విచ్చుకునేలోపే నేలరాలేవి. ఈగలకు అదే ముఖ్యమైన మేత అని పిన్ని ఎన్నోసార్లు అంది.

"ఏమ్మాయ్, మా ఈగల కంచం లాగేస్తున్నావట?"

ఆమె మిషన్ ఆపి చెవిలో దూది తీసింది. "ఏంటి బాబాయ్?"

"ఆ పూలు ఉంచమ్మా. గడ్డి కాస్త పెరిగితే కొంప మునగదు."

ఆమె చేతులు కట్టుకుంది. "పోయిన నెల గడ్డి అంచు రెండు వేళ్ళు వంకరపోయిందని నన్ను నిలబెట్టి అరగంట క్లాసు పీకింది ఎవరు?"

"ఎవరో పనిలేనివాడై ఉంటాడు."

"పెన్సిలూ స్కేలూ తెచ్చుకుని మరీ వచ్చాడు."

బాబాయి ఆకాశం వైపు చూసి వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడాడు. ఆమె నవ్వి, బెంచీల వెనక వాలునేలంతా ఆకురాలే దాకా కోయనని మాటిచ్చింది. "పైవాళ్ళు అడిగితే మీ పేరే చెప్తా."

"గీతల బాబాయి చెప్పాడను. నమ్మరు, కాబట్టి నీకే ప్రమాదం లేదు."

మూడో అనుమానం పురుగు. దాని సంగతి పిన్నే తేల్చింది. ఓ గాజుసీసాలో గ్లాసెడు ఈగల్ని పట్టి, మెత్తని పంచదార పొడి చల్లి, జల్లెడ మూత పెట్టి ఊపింది. ఈగ ఒంటిని పట్టుకునే పురుగుంటే ఆ పొడితో పాటు రాలుతుంది. కాగితం మీద రాలినవి రెండే రెండు ఎర్రచుక్కలు. "ఈ మాత్రం ఏ ఇంట్లోనైనా ఉంటాయి," అంది. పంచదార పూసుకున్న ఈగలు ఒకదాన్నొకటి నాక్కుంటూ, మహా సంబరంగా పెట్టెలోకి పోయాయి.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. బాబాయికి అది తిరగబడింది. బయటంతా తగాదాల మోత, ఇంట్లో ఈగల మోతే తగ్గిపోతోంది. గురువారం మూత ఎత్తితే ఐదో పెట్టెలో ఈగలు రెండు గుప్పిళ్ళకు మించి లేవు. పిన్ని పెట్టెలు కట్టడానికి తాళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది.

శుక్రవారం పొద్దున్నే ఆయన అటక మీంచి తన పాత సామాను దించాడు. గీతలకు వాడిన నీలంపొడి ఒక డబ్బా, ఎర్రపొడి ఒక డబ్బా. మెత్తటి బ్రష్షు పొడిలో ముంచి, ఐదో పెట్టె గుమ్మం దగ్గర చతికిలబడి, బయటికొచ్చే ప్రతి ఈగ మీదా టప్ టప్ అని దులిపాడు. ఐదోదాని ఈగలు నీలం. నాలుగోదాని ఈగలు ఎరుపు. ఇక ఇవి ఎక్కడ చచ్చిపడితే అక్కడే హంతకుడున్నాడు. ఇదీ ఆయన లెక్క.

పొడి కొట్టించుకున్న ఈగల్లో ఒకదానికి మర్యాద తక్కువ. వచ్చి ముక్కు మీద కుట్టింది. ముక్కు గుమ్మడికాయంత అయింది. సరే, నిమ్మకాయంత. మొదట్లో ఉప్పు కలపనని ఏదో అన్నాను, మర్చిపొండి. పళ్ళున్న రోజుల్లో కూడా అవి నా మాటకు అడ్డం పడ్డ పాపాన పోలేదు. చప్పిడి కథ వినడానికి మీరేమైనా పథ్యంలో ఉన్నారా?

ఆ ముక్కుతోనే దోసతోటకు పరుగెత్తాడు. అక్కడ దోసల బావ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"బావా, మీ ఈగలు బళ్ళో చేరాయా? నీలం చొక్కాలేసుకొచ్చాయి!"

నిజమే. నీలి ఈగలు పసుపుపచ్చని పూలలో హాయిగా దొర్లుతున్నాయి. ఒక్కటీ చావలేదు. కడుపునిండా తాగి, కాళ్ళకు పుప్పొడి మూటలు కట్టుకుని, ఝుమ్మని ఇంటిదారి పట్టాయి. బాబాయి వాటి వెనకే పెరట్లోకి వచ్చి, పిన్ని బకెట్ మీద కూర్చున్నాడు.

మొదటి నీలి ఈగ వచ్చింది. వరస మధ్యకు వచ్చి గాల్లో ఆగింది. ఎడమకు చూసింది, తెల్లపెట్టె. కుడికి చూసింది, తెల్లపెట్టె. కాస్త పైకి లేచి చూసింది, తెల్లపెట్టెలు. అటు జరిగింది, ఇటు జరిగింది. ఆఖరికి విసుగెత్తి వరస వెంట చివరిదాకా పోయి ఎనిమిదో పెట్టెలో దూరింది. రెండోదీ అంతే. మూడోది ఐదో పెట్టె గుమ్మం దాకా వచ్చి, అనుమానపడి, వెనక్కి తిరిగి ఎనిమిదో దాంట్లోకే పోయింది. ఎర్ర ఈగలు వచ్చాయి. నాలుగోదాన్ని వదిలేసి చాలామటుకు ఒకటో పెట్టెలోకి పోయాయి. చేతినిండా సరుకుతో వచ్చినవాళ్ళను ఎవరు కాదంటారు? కాపలా ఈగలు వాసన చూసి లోపలికి రానిచ్చేశాయి.

బాబాయి నోరు తెరుచుకుని ఉండగా పోస్టుమ్యాన్ గోడ పక్కన సైకిల్ ఆపాడు.

"బాబాయ్, ఏం చూస్తున్నారు?"

"ఈగలు ఇంటికి పోతున్నాయి."

పోస్టుమ్యాన్ గోడమీంచి తొంగి చూశాడు. "మా కొత్త క్వార్టర్లు అచ్చం ఇలాగే ఉన్నాయి బాబాయ్. అన్నీ తెలుపు, నంబర్లు ఇంకా వేయలేదు. నేనేం చేస్తున్నానో తెలుసా? ఏ ఇల్లో తెలియకపోతే ఉత్తరం తీసుకెళ్ళి చివరింట్లో ఇచ్చేస్తున్నా. చివరిదైతే కనీసం గుర్తుంటుంది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఈగలు చావలేదు. ఇల్లు మర్చిపోయాయి. మర్చిపోయేలా చేసిన మహానుభావుడు వాచిన ముక్కుతో బకెట్ మీద కూర్చుని ఉన్నాడు.

ఒక్క క్షణం బాబాయికి పాడు ఆలోచన వచ్చింది. నోరు మూసుకుంటే ఎల్లుండి బండి వస్తుంది, పెట్టెలు వెళ్ళిపోతాయి, ఎవరికీ తెలియదు. తన గీత ఎప్పటికీ తిన్నగానే ఉంటుంది. అంతలో వంటింట్లోంచి పిన్ని దగ్గు వినిపించింది. ఆయన లేచి లోపలికి వెళ్ళాడు.

"దొంగ దొరికాడే."

పిన్ని చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "ఎవరు?"

"పొడుగ్గా ఉంటాడు. తెల్లరంగంటే పిచ్చి. ప్రస్తుతం ముక్కు వాచి ఉంటుంది."

ఆమెకు అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి చూపించాడు. ఆమె ఎనిమిదో పెట్టెలోకి పోతున్న నీలి ఈగల్ని చూసింది, ఒకటో పెట్టెలోకి పోతున్న ఎర్ర ఈగల్ని చూసింది, మొగుడి ముక్కును చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని బాబాయి హడలిపోయాడు. ఏడుపు కాదు, నవ్వు. నవ్వి నవ్వి గోడకు చేరగిలబడింది.

"బతికే ఉన్నాయండీ! అన్నీ బతికే ఉన్నాయి! పక్కింటికి పోయి కూర్చున్నాయంతే!"

"నీకు ముందే తెలుసా ఏంటి?"

"తెలియదు. వరస నచ్చలేదు, అంతే. నచ్చకపోవడం వేరు, తెలియడం వేరు. మీ మొహం చూసి నచ్చలేదని కూడా అనలేకపోయాను."

"ఆస్పత్రి అన్నావుగా?"

"మీరు థాంక్స్ చెప్పారు."

ఆ సాయంత్రమే పని మొదలైంది. ఈగలు ఇళ్ళకు చేరాక పిన్ని చెప్పినట్టు ఒకటో పెట్టెను నాలుగోదాని చోట, నాలుగోదాన్ని ఒకటోదాని చోట పెట్టారు. ఐదూ ఎనిమిదీ అలాగే మార్చారు. తెల్లారి మేతకు పోయిన ఈగలు అలవాటు కొద్దీ పాత చోటుకే తిరిగొస్తాయి. వస్తే ఇప్పుడక్కడ ఉన్నది పలచబడ్డ పెట్టె. గుమ్మాలకు అడ్డంగా ఆకుల రెమ్మలు పెట్టారు. దారికి ఏదైనా అడ్డం ఉంటే ఈగ బయటికొస్తూనే ఆగి, వెనక్కి తిరిగి తన ఇంటిని ఒకసారి బాగా చూసుకుంటుంది.

శనివారం వీధంతా పెరట్లోనే ఉంది. బాబాయి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి తప్పు ఒప్పుకున్నాడు మరి. దోసల బావ పసుపురంగు తెచ్చాడు. "హంతకుడు వచ్చాడు, గేటు తియ్యి బావా!" అని కేక పెట్టాడు. గడ్డికోసే అమ్మాయి స్కేలు తెచ్చింది, ఏడిపించడానికి. పోస్టుమ్యాన్ ఎర్రరంగుతో నంబర్లు వేస్తానన్నాడు.

"వాటికి ఎరుపు కనబడదు నాయనా," అంది పిన్ని. "అంకెలు అసలే రావు."

"అయితే మా ఆఫీసులో ఉద్యోగం ఇప్పించొచ్చు పిన్నీ."

ఒక పెట్టెకు పసుపు గుండ్రం, ఒకదానికి నీలం అడ్డచారలు, ఒకదానికి త్రికోణం. దోసల బావ దోసకాయ బొమ్మ వేశాడు. అది కూడా వంకరగానే వచ్చింది.

ఇక పెట్టెల్ని కాస్త అటూ ఇటూ తిప్పి, వరస చెడగొట్టాలి. ఆ పని బాబాయికే ఇచ్చింది పిన్ని. ఆయన చెమటలు కారుస్తూ ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి జరిపాడు. ఎవరూ చూడనప్పుడు జానతో కొలిచాడు.

పిన్ని చూసి తల కొట్టుకుంది. "ఇదీ గీతేనండీ. మడతపెట్టిన గీత."

"ఇంతకంటే వంకర నా ఒంట్లో లేదే!"

దాంతో తలొకరూ ఒక్కో పెట్టెను తిప్పారు. ఆఖరుకు ఐదో పెట్టె మిగిలింది. అది బాబాయే పెట్టాలని అందరూ పట్టుబట్టారు. ఆయన దాని ముందు నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, పెట్టెను రెండు చేతులా పట్టుకుని, గిర్రున ఓ పక్కకు తిప్పి వదిలేశాడు. దాని మూల నిమ్మచెట్టు వైపు, మొహం ఎటో ఆకాశం వైపు. వీధంతా చప్పట్లు కొట్టింది.

ఆదివారం మొక్కలతోట ఆయన బండి తోలుకుని వచ్చాడు. పిన్ని అతన్ని పెరట్లోకి పిలిచి, ఐదో పెట్టె మూత ఎత్తింది. చట్రాల మీద ఈగలు మూడు పొరలుగా ఉన్నాయి, చెక్క ఎక్కడా కనబడటం లేదు. నీలం చొక్కాల వాళ్ళు కూడా కొందరు తిరిగొచ్చారు.

"ఇవి చావబోతున్నాయన్నావు కదమ్మా?" అన్నాడతను.

"దారి తప్పాయి, అన్నయ్యా. తప్పించినాయన ముక్కుకు మందు రాసుకుంటున్నాడు," అంది పిన్ని. అతను ఖాళీ బండి తోలుకుని, నవ్వుకుంటూ పోయాడు. తాళ్ళను పిన్ని అటక మీదికి విసిరేసింది.

అంతా నిజమే. రంగు ఈగలు నిజం, ముక్కు నిజం, నత్తల సంగతి నేను విన్నదే. ఒక్కటి మాత్రం నేను కల్పించాను. ఐదో పెట్టెను బాబాయి వంకరగా తిప్పి వదలడం అబద్ధం. మనిషి అంత మారడు. చప్పట్లు కొడతారని పెట్టాను. అసలు జరిగిందేమిటంటే, ఆయన దాన్ని తిన్నగా, గోడకు సమంగా పెట్టి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. పిన్ని అటూ ఇటూ చూసి, కాలితో మెల్లగా ఒక్క తోపు తోసింది. వంటింటి కిటికీలోంచి బాబాయి అది చూశాడు. చూసి, చేతులు తుడుచుకుని, సరిచెయ్యడానికి వెళ్ళకుండా, టీ నీళ్ళు పెట్టాడు.